పాలిచ్చే తల్లులకు వెనక గది తాళం ఇవ్వండి: చిత్తూరు, తిరుపతి జిల్లాల సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

మేము ఈ రెండు జిల్లాల్లో సండే స్కూలు చెప్పేవాళ్లం, స్త్రీల కూడికలు నడిపేవాళ్లం. మాలో కొందరు నర్సులు. చిన్నపిల్లల తల్లుల సంగతి మొదట నోటితో అడిగాం, తర్వాత కాగితం మీద రాసిచ్చాం. కాగితానికి జవాబు రాలేదు. దాని బదులు ఒక ప్రసంగం వచ్చింది, అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగిన సంగతి మీద. సణుగుడు మంచిది కాదని మాకూ తెలుసు. అయితే ఆకలేసి సణిగినవాళ్లకు దేవుడు మన్నా కురిపించింది కూడా ఆ నిర్గమకాండం 16వ అధ్యాయంలోనే కదా. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

పెళ్లికి ముందు క్వయర్‌లో ముందు వరసలో నిలబడి పాడిన పిల్ల, బిడ్డ పుట్టాక వరసగా నాలుగు శుక్రవారాలు కనిపించకపోతే "ఆ అమ్మాయి ఆత్మీయంగా చల్లారిపోయింది" అనేస్తారు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన పడుతుంది. నిజమే కాబోలని ఆమే నమ్మేస్తుంది. అక్కడినుంచి మందిరానికి రావడానికి సిగ్గు. మేము చూసినంతలో చాలామంది తల్లుల్లో అయిపోయింది ఒంట్లో ఓపిక, ఇంట్లో వీలు. విశ్వాసం ఇంకా ఉంది. దాన్ని కాచుకోవడం ఎలాగో నేర్పినవాళ్లు లేరు.

ఒక మాదిరి సంఘంలో వారం లెక్క వేయండి. ఆదివారం ఆరాధన పదికి మొదలై ఒకటిన్నర దాకా. మంగళవారం సాయంత్రం గృహ కూడిక రెండు గంటలు. శుక్రవారం ఉపవాస ప్రార్థన పది నుంచి రెండు దాకా. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. నెలకొకసారి రాత్రంతా ప్రార్థన దీనికి అదనం. అదే తల్లి తెల్లారేలోపు పాలు పితికి కేంద్రంలో పోయాలి, సాయంత్రం మళ్లీ పోయాలి. పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, అందులో రెండు మూడు సార్లు అర్ధరాత్రి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడమనే మా మనవి. ఇక ఒక్కొక్కటిగా చెబుతాం.

1. వేళలు, చోటు.

యాకోబు ఏశావుతో అన్న మాట ఆదికాండం 33లో ఉంది. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్కరోజు వడిగా తోలితే మంద అంతా చస్తుంది, నేను వాటి నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నాడు. హన్నా సంగతి ఇంకా స్పష్టం. ఏటేటా షిలోహు మందిరానికి వెళ్లే ఆ తల్లి, సమూయేలు పుట్టాక పాలు మాన్పించేదాకా రానంది. భర్త ఎల్కానా గద్దించలేదు, నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యమన్నాడు. బిడ్డ కోసం అంత ఏడ్చి ప్రార్థించిన స్త్రీకే ఇంట్లో ఉండే సెలవు దొరికింది. మన చెల్లెళ్లకు మాత్రం హాజరు పట్టీ.

మేము అడిగేవి ఇవి. బిడ్డకు ఏడాది నిండేదాకా తల్లి రాకపోతే ఎవరూ లెక్క అడగకూడదు. శుక్రవారం నాలుగు గంటల కూడికకు తోడు, చిన్నపిల్లల తల్లులకు వారానికి ఒక 45 నిమిషాల కూడిక మధ్యాహ్నం మూడింటికి పెట్టాలి. అప్పటికి వంట పని తెముల్తుంది, సాయంత్రం పాలకు ఇంకా వేళ ఉంటుంది. జూన్, జులైల్లో తోతాపురి కాయ దిగి గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీపగలూ ఆడే రోజుల్లో ఆ కూడికను ఆదివారం ఆరాధన తర్వాతికి మార్చాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సుల్లో షిఫ్టులకు పోయే ఆడపిల్లలకు ఏ వేళ కుదురుతుందో వాళ్లనే అడగాలి. మనం ఊహించి పెట్టిన వేళ ఇంతవరకు ఒక్కసారీ కుదరలేదు.

చోటు సంగతి. చాలా మందిరాల్లో వేదిక వెనక ఒక గది ఉంటుంది. అందులో విరిగిన బెంచీలు, పాత స్పీకరు పెట్టెలు, క్రిస్మస్ నక్షత్రం, బయట తాళం. దాన్ని ఖాళీ చేయించండి. రెండు చాపలు, దూలానికి చీర ఉయ్యాల, ఒక బిందె నీళ్లు, తలుపుకు తెర, ప్రసంగం మెల్లగా వినిపించే చిన్న స్పీకరు ఒకటి. ఖర్చు పెద్దగా ఉండదు. ఇప్పుడేం జరుగుతోందంటే, రేకుల కప్పు కింద నాలుగు పెద్ద స్పీకర్లు ఒక్కసారి మోగగానే పసిబిడ్డ ఉలిక్కిపడి గుక్కపడుతుంది, ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి చూస్తాడు, తల్లి లేచి బయట చెప్పుల దగ్గర ఎండలో నిలబడుతుంది. ఆరాధన అయ్యేదాకా అక్కడే. పిల్లల్ని తెచ్చినవాళ్లను శిష్యులు గద్దించినప్పుడు యేసు కోపపడ్డాడని మార్కు 10లో చదివి వినిపించేదీ ఆ స్పీకర్లలోనే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదన్న నిబంధన 2000 నుంచీ ఉంది. ఆల్‌నైట్ ప్రార్థనకు అదీ గుర్తుంచుకుంటే ఇరుగుపొరుగు ముందు మన ఆడవాళ్లు మాట పడకుండా ఉంటారు.

2. ఇంట్లో పది నిమిషాలు.

ప్రతి పుల్పిట్ మీదా "బైబిలు చదవండి, ప్రార్థించండి" అంటారు. ఎలాగో చెప్పరు. సంవత్సరంలో బైబిలు పూర్తి చేయాలని జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టిస్తారు. బైబిల్లో 1,189 అధ్యాయాలు, అంటే రోజుకు మూడుకు పైగా. కథలున్నంతవరకు ఆదికాండం, నిర్గమకాండం సాగిపోతాయి. గుడారం కొలతల దగ్గర నడక మందగిస్తుంది, లేవీయకాండంలో ఆగుతుంది. బిడ్డకు జ్వరం వచ్చి వారం తప్పితే 20కి పైగా అధ్యాయాల బాకీ పడుతుంది. బాకీ తీర్చలేక తల్లి పుస్తకం మూసేస్తుంది, మూసినందుకు తప్పు చేసినట్టు కుమిలిపోతుంది. పథకమే ఆమె కొలతకు కుట్టింది కాదు.

స్త్రీల కూడికల్లో పనిచేసిన పద్ధతి చెబుతాం, మీరూ నేర్పించండి. మార్కు సువార్తతో మొదలుపెట్టాలి, 16 అధ్యాయాలే. రోజుకు పది వచనాలు. మధ్యలో రోజులు తప్పినా రెండున్నర, మూడు నెలల్లో అయిపోతుంది. తప్పిన రోజు బాకీ కాదు, ఆగిన చోటినుంచే చదవాలి. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, రూతు, నాలుగేసి అధ్యాయాలు. నెల చివర్లో ఒక కీర్తన. పుస్తకం షోకేసులో అద్దం వెనక ఉంటే చేతికి రాదు. బిడ్డకు పాలిచ్చే చోట, చెయ్యి చాస్తే అందేలా ఉండాలి. చదువు రానివాళ్లకు ఫోనులో ఆడియో బైబిలు ఎక్కించి ఇవ్వడం యువజనుల పని చేయండి. ఒకే అధ్యాయం వారమంతా వింటే ఆదివారానికి సగం నోటికి వస్తుంది.

చదివాక రెండే ప్రశ్నలు: ఇందులో దేవుడు ఎలాంటివాడని ఉంది, ఈరోజు నేను చేయాల్సింది ఏమైనా ఉందా. రెండోదానికి చాలా రోజులు జవాబు దొరకదు. దొరకకపోయినా తప్పులేదని కూడా చెప్పండి.

ప్రార్థన అంటే అరగంట గట్టిగా చేసేదని మన ఆడవాళ్లకు ముద్ర పడిపోయింది. నెహెమ్యా 2వ అధ్యాయంలో రాజు ప్రశ్న అడిగాడు, నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి జవాబిచ్చాడు. రాజు ఎదురుగా నిలబడి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య అతనికి ఎంత సేపు దొరికుంటుంది? కుక్కరు మూత పెడుతూ, బస్టాపులో నిలబడి, ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని అలాంటి ఒక్క వాక్యం ప్రార్థన చేయొచ్చు. పరలోక ప్రార్థనలో ఒక్కో మాట ఒక్కో రోజుకు పంచుకోవచ్చు: ఈరోజు "మా అనుదినాహారము", రేపు "మా ఋణములు".

వాగ్దాన కార్డుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిలు వచనం రాసిన కార్డు తీస్తారు. యిర్మీయా 29:11 వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశాల మాట. దానికి ముందు వచనంలోనే 70 ఏళ్ల బబులోను చెర ఉందని ఎవరూ చెప్పరు. తల్లి ఆ కార్డును బీరువాకు అంటించి ఏడాదంతా ఎదురుచూస్తుంది. అప్పు తీరదు, భర్త తాగుడు మానడు. వచ్చే డిసెంబరుకు ఆమె దేవుడి మాటే తప్పిందనుకుంటుంది. కార్డు మానమనట్లేదు. ఆ వచనం ఉన్న అధ్యాయాన్ని జనవరి మొదటి ఆదివారాల్లో వివరించి చెప్పండి.

3. ఉపవాసం, మందులు.

ఇక్కడ మర్యాదకు మెత్తగా చెబితే లాభం లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు ఉన్నవాళ్లు, మూర్ఛ మందు వాడేవాళ్లు పూర్తి ఉపవాసం ఉండకూడదని వేదిక మీదినుంచి ప్రతి ఉపవాస కూడికకు ముందు ప్రకటించాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకన్నా రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ కావాలి. నీళ్లు కూడా ముట్టకుండా వేసవిలో నాలుగు గంటలు రేకుల కింద కూర్చుంటే తల తిరుగుతుంది. షుగరు మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి పడిపోతారు. దాన్ని చూసి "ఆత్మ వశమైంది" అని చుట్టూ చేరి చప్పట్లు కొట్టకూడదు, వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఐరన్ మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. "ప్రార్థన చేసిన నూనె రాశాం, ఇక మాత్రలెందుకు" అన్న మాట సంఘంలో ఎవరి నోటినుంచీ రాకూడదు.

హిజ్కియా రాజు పుండుకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. తిమోతి కడుపునొప్పికి పౌలు ఏం తీసుకోవాలో రాశాడు. ఇక మన ప్రాంతపు సంగతి. మిషనరీ డాక్టరు ఐడా స్కడ్డర్ వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన 1900లో వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, దానికి ముఖ్యపట్టణం చిత్తూరు. ఆమె డాక్టరు చదవడానికి కారణం ఒక రాత్రి. తిండివనంలో ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఆమెను రమ్మన్నారు. ఆమెకు అప్పటికి వైద్యం రాదు. వైద్యుడైన తండ్రిని పంపుతానంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ ప్రార్థనాపరురాలు దానికి జవాబుగా కట్టింది ఆసుపత్రి, ఇప్పటి వేలూరు సీఎంసీ. ఇప్పటికీ గుండె జబ్బొస్తే, కాన్పు కష్టమైతే చిత్తూరునుంచి మనం పరిగెత్తేది అక్కడికే. అలాంటి నేల మీద నిలబడి మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని ఎలా అంటాం?

ఉపవాసం ఉండాలని ఆశపడే తల్లికి వేరే దారి చూపించండి. వారం రోజులు సీరియళ్లు మానడం, ఫోను సాయంత్రం ఆరుకు పక్కన పెట్టడం. కడుపు మాడ్చడంకన్నా ఇదే కష్టమని చేసినవాళ్లు అంటున్నారు.

4. కాన్పు తర్వాత కుంగుబాటు.

కాన్పయిన మూడో రోజునుంచి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డమీద మనసు పోవట్లేదంటే అది వైద్యం ఉన్న జబ్బు. చెవుల్లో మాటలు వినిపిస్తున్నా, తనకో బిడ్డకో హాని చేసుకోవాలనిపిస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఒంటరిగా వదలకుండా ఆ పూటే పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లాలి. 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు మందిరం నోటీసు బోర్డు మీద రాయించండి.

ఇప్పుడు జరిగేది వేరు. "దయ్యం పట్టింది", "రహస్య పాపం ఉంది, ఒప్పుకో" అంటూ పదిమంది చుట్టూ చేరతారు. హన్నా పెదవులు కదలడం చూసి ఏలీ తాగి ఉందనుకున్నాడు. యాజకుడే పొరబడ్డాడు, కానీ ఆమె చెప్పింది విని మాట మార్చుకుని దీవించాడు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత ఒక్క పాప ప్రస్తావనా తేలేదు. నిద్రపోనిచ్చి, కాల్చిన అప్పం, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ పెట్టాడు. పరామర్శకు వెళ్లే సహోదరీలకు ఇదే నేర్పండి: తల్లిని మాటలతో 15 నిమిషాలకు మించి కూర్చోబెట్టొద్దు, కూర గిన్నెతో వెళ్లండి, బిడ్డను ఎత్తుకుని తల్లిని గంటసేపు పడుకోనివ్వండి, ఒక చిన్న కీర్తన చదివి రండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనకూ బైబిల్లో చోటుందని తెలిస్తే ఆ తల్లికి ఊపిరి ఆడుతుంది.

5. పిల్లలు.

మూడేళ్ల బిడ్డనూ పన్నెండేళ్ల పిల్లాణ్ణీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కథ చెబితే చిన్నది నిద్రపోతుంది, పెద్దోడు పక్కోణ్ణి గిల్లుతాడు. కనీసం మూడు తరగతులు కావాలి: ఆరేళ్లలోపు, ఏడు నుంచి పది, పదకొండు పైన. ప్రతి తరగతికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, పిల్లలతో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. ఆ వారం కథ ఏమిటో ఒక చీటీ మీద రాసి తల్లికి పంపితే రాత్రి పడుకునేముందు అదే కథ ఆమె తన మాటల్లో చెబుతుంది, ఐదు నిమిషాలు. ఒక ప్రశ్న అడుగుతుంది. బిడ్డ ఒక్క వాక్యం ప్రార్థన చేస్తుంది, ఆమె దిద్దదు. ద్వితీయోపదేశకాండం 6లో చెప్పింది ఇదే, కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు.

ఒక తప్పు మాత్రం ఆపించాలి. "అన్నం తినకపోతే దేవుడు కొడతాడు", "అబద్ధం చెబితే యేసయ్య కళ్లు పోగొడతాడు". ఇంట్లో బెత్తం బదులు దేవుణ్ణి చూపించి భయపెట్టిన పిల్లలు పదిహేనేళ్లకు మందిరం గడప తొక్కరు. తల్లి కోపంలో కొట్టినప్పుడు బిడ్డను క్షమించమని అడగడం వంద వచనాలు కంఠతా పట్టించడంకన్నా ఎక్కువ నేర్పుతుంది.

6. భర్త విశ్వాసి కాని ఇళ్లు.

మన జిల్లాల్లో ఇవి తక్కువేం కాదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అతని విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకేలనుంచి వచ్చింది. అలాంటి ఇంటినుంచే అంత సేవకుడు వచ్చాడని ఈ తల్లులకు చెప్పండి. భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే విడిచిపెట్టొద్దని పౌలు 1 కొరింథీ 7లో రాశాడు. మాటలతో కాక నడవడితో గెలవమని పేతురు రాశాడు. కానీ వేదికమీద "విగ్రహాల ఇంట్లో ఎలా ఉంటున్నావు" అని గద్దించి పంపితే, ఆమె ఇంటికెళ్లి అత్తతో గొడవపడుతుంది, మరుసటి వారంనుంచి మందిరానికి పంపరు. తిరుపతిలో గంగ జాతర వారంలో చుట్టాలతో ఇల్లు నిండి ఉంటుంది. వచ్చినవాళ్లకు వండిపెట్టి నవ్వుతూ మాట్లాడటం విశ్వాసం విడవడం కాదు. పూజలో తను ఏ పని చేయగలదో, ఏది చేయలేదో భర్తతో పది రోజుల ముందే, కోపం లేని వేళ మాట్లాడుకోవాలి. జాతర రోజు పొద్దున గుమ్మంలో తేల్చుకోబోతే రచ్చే. పక్కింటివాళ్ల దేవుళ్లను మైకులో తిట్టే ప్రసంగాలు దయచేసి ఆపండి. వాటి ఫలితం వేదికమీదివాళ్లకు తగలదు, ఆ ఇంట్లో కాపురం చేసే ఆడమనిషికి తగులుతుంది.

భర్త విశ్వాసి అయినా కాకపోయినా, కొట్టే ఇంటికి "ఓర్చుకో, ప్రార్థించు" అని తిప్పి పంపకండి. 181 (మహిళల సహాయం), 112 (అత్యవసర సహాయం) నంబర్లు ఇవ్వండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడిగే హక్కు ఆమెకుందని చెప్పండి.

7. కానుకలు. మందిరం కప్పు కోసం డ్వాక్రా లోను తెచ్చి మొక్కుబడి చెల్లించి, తర్వాత వాయిదాలకు చెవి కమ్మలు కుదువపెట్టే పరిస్థితి తేవద్దు. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలని 2 కొరింథీ 8లో ఉంది. భర్తకు తెలియకుండా ఇంటి ఖర్చులోంచి తీసి వేసే కానుకను ప్రోత్సహించకండి. మొక్కుబడుల పేర్లు మైకులో చదవడం ఆపండి.

8. కమిటీలో కనీసం ఇద్దరు తల్లులు ఉండాలి, అందులో ఒకరికి ఐదేళ్లలోపు బిడ్డ ఉండాలి. వేళలు నిర్ణయించేటప్పుడు ఆమె మాట రాసుకోవాలి.

వచ్చే నెల కమిటీ మీటింగులో ఈ ఎనిమిదింటినీ చదివి, ఏది ఒప్పుకున్నారో ఏది లేదో కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. అన్నీ ఒక్కసారే కాకపోయినా మూడోదీ నాలుగోదీ వాయిదా వేయడానికి వీల్లేదు, అవి ప్రాణాలతో ముడిపడ్డవి. మొదటిదానికి మీ సంతకం కూడా అక్కర్లేదు. వెనక గది ఊడ్చి సర్దే పని మేమే చేసుకుంటాం, చీరలు, చాపలు మేమే తెచ్చుకుంటాం. ఈ శనివారం సాయంత్రానికి తాళం చెవి ఇప్పించండి.

ఇట్లు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల సండే స్కూలు ఉపాధ్యాయినులు, స్త్రీల కూడికలు నడిపే సహోదరీలు